స్ట్రోక్ వచ్చిన బిడ్డని ఇంట్లో పెంచడం: రెండో చేతికీ పని చెప్పండి

ఎమ్మారై రిపోర్టు చూసి బిడ్డకి స్ట్రోక్ వచ్చిందని డాక్టరుగారు చెప్పిన దగ్గర్నుంచి ఇంటికొచ్చే ప్రతివాళ్ళూ ఒకటే అడుగుతారు, ఎప్పటికి నయమవుతుందండీ అని. దానికి తారీకు ఎవరూ చెప్పలేరు. రక్తం అందక మెదడులో పోయిన భాగం మళ్ళీ పుట్టదు. కానీ చిన్నపిల్లల మెదడుకి మిగిలిన భాగాలతో ఆ పని నేర్చుకునే శక్తి ఉంటుంది, ఎంత నేర్చుకుంటుందన్నది దెబ్బ ఎంత పెద్దది, ఎక్కడ తగిలింది అన్నదాంతో పాటు ఆ చేతినీ కాలినీ రోజూ ఎంత వాడిస్తామన్న దాని మీద కూడా ఉంటుంది. మొదటి రెండూ మన చేతిలో లేవు. మూడోది మన ఇంట్లోనే ఉంది, నేను రాసేది దాని గురించే.

మా పాపకి పుట్టిన రోజుల్లోనే వచ్చింది, మెదడులో ఎడమవైపు, అందుకని కుడిచెయ్యి, కుడికాలు బలహీనం. ఇప్పుడు ఐదో తరగతి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇక్కణ్ణుంచి కాకినాడో రాజమండ్రో థెరపీకి వెళ్ళి రావాలంటే రోజంతా పోతుంది, కూలి పోతుంది, బిడ్డ బస్సులోనే అలిసిపోతుంది. వారానికి మూడుసార్లు తీసుకురమ్మంటే మనలో ఎంతమందికి కుదురుతుంది? అందుకే థెరపిస్టుని మొదటి రోజే అడగండి: ఇంట్లో చేయించాల్సినవి నాకు నేర్పండి, మీరు చేస్తుంటే ఫోన్లో వీడియో తీసుకుంటాను, నెలకోసారి వచ్చి చూపిస్తాను అని. చాలామంది సంతోషంగా నేర్పుతారు.

తల్లి మీద నింద పడనివ్వకండి

ఇది వైద్యం కన్నా ముందు చెప్పాలి. గ్రహణం రోజు కదిలావు, బొప్పాయి తిన్నావు, నెలలు నిండాక బండి ఎక్కావు అని ఎవరో ఒకరు అంటారు. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పుట్టే ముందు, పుట్టిన మొదటి నెలలో వచ్చే స్ట్రోకుల్లో చాలావాటికి కచ్చితమైన కారణం దొరకదు, తల్లి చేసిన తప్పు వల్ల వచ్చేవి కావు. కాస్త పెద్ద పిల్లల్లో అయితే పుట్టుకతో ఉన్న గుండె జబ్బు, సికిల్ సెల్ అనే రక్తజబ్బు, మెదడువాపు, మెదడు రక్తనాళాల జబ్బులు, ఆటలమ్మ తగ్గిన కొన్ని నెలలకి రక్తనాళం సన్నబడటం, వాంతులు విరేచనాలతో ఒళ్ళు ఎండిపోయి గడ్డకట్టడం, ఇలా రకరకాలు ఉంటాయి. మంచం మీంచి పడ్డ చిన్న దెబ్బకే ఏడాది, రెండేళ్ళ పిల్లల్లో లోపలి సన్నటి నాళం మూసుకుపోవడం కూడా ఉంది. కారణం తెలుసుకోవడం ముఖ్యమే, ఎందుకంటే మళ్ళీ రాకుండా మందు అవసరమా కాదా అన్నది దాన్నిబట్టే తేలుస్తారు. కానీ తప్పు ఎవరిదని తవ్వుకుంటూ కూర్చుంటే ఆ ఇంట్లో బిడ్డ పని వెనక్కిపోతుంది. అత్తగారో ఆడపడుచో ఆ మాట ఎత్తినప్పుడు భర్త నోరు తెరవాలి. "అమ్మా, డాక్టరుగారే చెప్పారు, తనవల్ల కాదు, ఇంకెప్పుడూ అలా అనకు" అని అతనే అనాలి. భార్య తన తరఫున తనే వాదించుకునే పరిస్థితి రానివ్వకూడదు.

ఇంకా తెలియనివాళ్ళ కోసం ఒక మాట. ఏడాది లోపు పిల్లలకి చేతివాటం ఉండదు. ఐదారు నెలల బిడ్డ ఏ బొమ్మ ఇచ్చినా ఒకటే చెయ్యి చాపుతూ, రెండోది పిడికిలి బిగించే ఉంచుతుంటే "వాళ్ళ తాతది కూడా ఎడమచేతి వాటమే" అని సర్దుకోకండి. పిల్లల డాక్టరుకి చూపించండి.

చెయ్యి సంగతి

మన ఇళ్ళల్లో ప్రేమ అంటే చేసిపెట్టడం. అన్నం కలిపి నోట్లో పెడతాం, గుండీలు పెడతాం, జడ వేస్తాం, చెప్పులు తొడుగుతాం. మామ్మ ఉన్న ఇంట్లో అయితే బిడ్డ మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తక్కర్లేదు. స్ట్రోక్ వచ్చిన బిడ్డకి ఈ ప్రేమే అన్నిటికన్నా పెద్ద అడ్డం, ఇది నేను గట్టిగా చెబుతాను. ఒక చేత్తో పని గడిచిపోతుంటే మెదడు రెండో చేతిని పక్కన పెట్టేస్తుంది. అది వాడకపోవడమే అలవాటైపోతుంది.

అలాగని బలహీనమైన చేతిని ప్రధానమైన చెయ్యి చెయ్యాలని పట్టుబట్టకండి. కుడిచెయ్యి బలహీనమైతే రాసేది, తినేది ఎడమచేత్తోనే. ఇక్కడ పెద్దవాళ్ళతో కాస్త గొడవ తప్పదు. పెళ్ళి పంక్తిలో కూర్చుని ఎడమచేత్తో అన్నం తింటుంటే ఎవరో ఒకరు "కుడిచేత్తో తినమ్మా" అనకుండా ఉండరు. వాళ్ళు అనేలోపే మనం చెప్పెయ్యడం మంచిది: "పాపకి ఆ చెయ్యి బలం లేదు పిన్నిగారూ, ఎడమచేత్తోనే తింటుంది." ఒకసారి చెబితే ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది, మళ్ళీ చెప్పక్కర్లేదు. గుళ్ళో ప్రసాదం, తీర్థం మాత్రం రెండు చేతులూ కలిపి దోసిలి పట్టించండి. ఎడమచెయ్యి కింద ఆనించి కుడిచేతిని పైకి తేవాలి, అరచెయ్యి తెరవాలి, నీళ్ళు కారకుండా పట్టాలి. ఏ థెరపీ గదిలోనూ బిడ్డ అంత శ్రద్ధగా అరచెయ్యి తెరవదు.

కుడిచేతికి సాయంచేసే ఉద్యోగం ఇవ్వాలి. పట్టుకోవడం, ఒత్తిపెట్టడం, కదలకుండా ఆపడం. అందుకని రెండు చేతులు లేకపోతే జరగని పనులు వెతుక్కోండి. మన వైపు వాటికి లోటు లేదు. సంక్రాంతి రోజుల్లో తేగలు ఉన్నాయి కదా, కాల్చిన తేగ ఒకటి ఇచ్చి ఒలుచుకోమనండి. మా పాప మొదట్లో దాన్ని కుడి ముంజేతితో పొట్టకి అదిమిపెట్టి ఎడమచేత్తో తొక్క లాగేది, తేగ జారి కింద పడేది, మళ్ళీ తీసుకునేది. కొన్నాళ్ళకి మణికట్టుతో మంచానికి ఆనించి పట్టడం వచ్చింది. ఆ తర్వాతి సంక్రాంతికి వేళ్ళు చుట్టూ మూసుకున్నాయి, బొటనవేలు ఇంకా లోపలికే ముడుచుకుని ఉన్నా తేగ నిలబడింది. కింద పడినప్పుడల్లా మనం తీసి ఇవ్వకపోవడం ఇందులో అన్నిటికన్నా కష్టం. చేతులు వెనక్కి కట్టుకుని కూర్చోండి.

ఇంకా చాలా ఉన్నాయి. సున్నుండలు చుట్టడం, ముగ్గు గిన్నె కుడిచంకలో పెట్టుకుని ఎడమచేత్తో ముగ్గు వెయ్యడం, బొబ్బర్లు ఒలవడం, తడి తువ్వాలు పిండడం, అరటిపండు తొక్క తియ్యడం, మామ్మ పూలు కడుతుంటే దారం కొస బిగించి పట్టుకోవడం, కొబ్బరాకుతో బూర చుట్టడం. కడియం వైపు నర్సరీల్లో మొక్కల కవర్లలో మట్టి నింపుతారు చూడండి, ఒక చేత్తో కవరు నోరు తెరిచి పట్టుకుని ఇంకో చేత్తో మట్టి పొయ్యాలి, పిల్లలకి భలే ఇష్టం. ఒక మొక్క తనదే అని చెప్పి నీళ్ళు పొయ్యమనండి, చెంబు రెండు చేతులతో.

మంచి చేతికి గ్లవుజో కట్టో వేసి బలహీనమైన చేతినే వాడించే థెరపీ ఒకటుంది, రోజుకి కొన్ని గంటల చొప్పున కొన్ని వారాలు చేయిస్తారు, ఫలితం ఉన్న పద్ధతే. కానీ థెరపిస్టు లెక్కకట్టి, పక్కన ఉండి చేయించాల్సింది. యూట్యూబులో చూసి గుడ్డతో మంచి చెయ్యి కట్టేసి వదిలెయ్యకండి, బిడ్డ పడితే ఆపుకోడానికి చెయ్యి ఉండదు. బిగుసుకున్న కండరం సడలడానికి బోటాక్స్ ఇంజెక్షన్ చేయించినా అంతే, దాని ప్రభావం సుమారు మూడు నెలలు ఉంటుంది, కండరం సడలిన ఆ మూడు నెలల్లో సాగదీసి పని చేయిస్తేనే డబ్బుకి ఫలితం.

ఎత్తుకునేటప్పుడు రెక్క పట్టుకుని లాగకండి, భుజం జారే ప్రమాదం ఉంది. ఇంటికి వచ్చే చుట్టాలందరికీ ఇది ముందే చెప్పండి. పావురం రక్తం రాయించమని, ఫలానా ఊళ్ళో పసరు పోస్తారని సలహాలు వస్తాయి. నూనె రాసి మెల్లగా మర్దన చేస్తే పర్వాలేదు, బిడ్డకి హాయిగా ఉంటుంది, ఆ తర్వాత సాగదీయడం సులువవుతుంది. గట్టిగా విరిచి తోమేవాళ్ళ దగ్గరికి మాత్రం వద్దు. తాయెత్తు కడతానని మామ్మ అంటే కట్టనివ్వండి, మాత్రలు ఆగనంత వరకు దానితో ఇబ్బంది లేదు.

కాలు, బట్టలు, స్ప్లింటు

బట్ట తొడిగేటప్పుడు బలహీనమైన చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆఖర్న. ఈ ఒక్క సూత్రం వస్తే బిడ్డ తనంతట తనే గౌను వేసుకోగలదు. యూనిఫాం చొక్కాకి గుండీలు పైకి కనిపించేలా ఉంచి వెనకాల వెల్‌క్రో కుట్టమంటే టైలరు కుడతాడు.

కాలికి ఇచ్చే స్ప్లింటు, అంటే పాదాన్ని సరైన తీరులో పట్టి ఉంచే బద్ద, దాని కింద నూలు సాక్సు తప్పనిసరి, మన ఉక్కపోతకి మధ్యాహ్నం ఒకసారి మార్చాలి కూడా, అందుకే బడి సంచిలో ఇంకో జత పెట్టండి. సాయంత్రం విప్పగానే చర్మం చూడండి. ఎర్రటి గుర్తు అరగంటలో పోకపోతే అక్కడ ఒత్తుతోందని అర్థం, తయారుచేసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాలి. చేతి స్ప్లింటు ప్లాస్టిక్‌ది అయితే వేడినీళ్ళతో కడగకండి, ఎండలో బండి డిక్కీలో వదిలెయ్యకండి, మెత్తబడి వంకర పోతుంది.

బిడ్డ ఒక్కసారిగా పొడుగు సాగే రోజుల్లో జాగ్రత్త. ఎముక పెరిగినంత వేగంగా బిగుసుకున్న కండరం పెరగదు, మడమ నేలకి ఆనడం మానేస్తుంది, బాగా నడిచే పిల్ల మళ్ళీ కుంటుతుంది. స్ట్రోక్ ముదిరిందని భయపడతారు, చాలాసార్లు కారణం ఇదే. అయినా మనంతట మనం తేల్చుకోకుండా చూపించాలి.

కంటికి కనిపించనివి

చెయ్యి, కాలు అందరికీ కనిపిస్తాయి, వీటిని మాత్రం పొగరు అనో బద్ధకం అనో అంటారు.

కంచంలో ఒక పక్క అన్నం అలాగే వదిలేస్తోందా? ఒక పక్క గుమ్మాలకి గుద్దుకుంటోందా? ఆ పక్క చూపు లేకపోవచ్చు. కళ్ళు బాగానే ఉంటాయి, చూసిన దాన్ని అందుకునే మెదడు భాగం దెబ్బతిని ఉంటుంది, అందుకని కళ్ళజోడు దుకాణంలో అక్షరాలు చదివిస్తే తెలియదు, కంటి డాక్టరుని చూపు వైశాల్యం పరీక్షించమని అడగాలి. కుడిపక్క చూపు లేని బిడ్డని క్లాసులో కుడివైపు కూర్చోబెడితే బోర్డు తనకి ఎడమపక్కకి వస్తుంది, చక్కగా కనిపిస్తుంది. మన కాలువగట్టు రోడ్ల మీద నడిచేటప్పుడు ఆ చూపు లేని పక్కన మీరు ఉండండి.

స్పర్శ కూడా తగ్గి ఉండొచ్చు. చెప్పు జారిపోయినా తెలియదు, వేడి గిన్నె తగిలినా చెయ్యి తియ్యడం ఆలస్యమవుతుంది. బండి సైలెన్సరు దగ్గర మరీ జాగ్రత్త.

ఇక అలసట. బడిలో అందరూ ఒక చేత్తో చేసే పనికి ఈ బిడ్డ ఒళ్ళంతా పెట్టాలి, పక్కవాళ్ళ కన్నా రెట్టింపు ధ్యాస పెట్టాలి. నాలుగయ్యేసరికి ఖాళీ అయిపోతుంది. ఇంటికి రాగానే విసిరికొట్టడం, చిన్నదానికే ఏడవడం ఆ అలసటే. వచ్చిన వెంటనే హోంవర్కు పెట్టకుండా ఏదైనా తినిపించి గంటసేపు పడుకోనివ్వండి, ట్యూషన్ మానిపించినా నష్టం లేదు. కోపం ఆపుకోలేకపోవడం, ధ్యాస నిలవకపోవడం కూడా స్ట్రోక్ తెచ్చినవే కావొచ్చు, డాక్టరుతో ఆ సంగతీ చెప్పండి, కాలు గురించే చెప్పి వచ్చెయ్యకండి. మాట తడబడే బిడ్డ అయితే మాట పూర్తయ్యేదాకా ఆగండి, మీరు అందించకండి.

ఫిట్స్, నీళ్ళు

ఈ పిల్లల్లో కొంతమందికి మూర్ఛ వస్తుంది, కొందరికి ఏళ్ళ తర్వాత మొదలవుతుంది. వచ్చినప్పుడు పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి, టైము చూడండి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ళ మధ్య స్పూను దూర్చడం, నీళ్ళు పట్టడం ఏదీ వద్దు. ఐదు నిమిషాలు దాటినా, ఆగి తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా 108కి ఫోను. ముక్కులో కొట్టే మందు ఇంట్లో ఉంచుకోవాలేమో డాక్టరుని ముందే అడిగి, ఎంత కొట్టాలో రాయించుకోండి.

మన ప్రాంతంలో దీనికి ఇంకో భయం ఉంది. గుమ్మం దిగితే కాలువ, వెనక్కి వెళ్తే చేపల చెరువు. ఫిట్స్ ఉన్న బిడ్డ ఈత వచ్చినా సరే రేవులోకి ఒంటరిగా దిగకూడదు, పెద్దవాళ్ళు చెయ్యి అందేంత దూరంలో ఉండాలి. స్నానాల గదికి లోపల గడియ వెయ్యనివ్వకండి. పొరుగువాళ్ళకి, రేవులో బట్టలుతికేవాళ్ళకి కూడా ఈ సంగతి తెలియాలి, దాచుకుంటే బిడ్డకే ప్రమాదం.

ఫిట్స్ మాత్ర ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ తిరగబెడతాయి. గోదావరి వరద జులై నుంచి సెప్టెంబరు మధ్య ఎప్పుడైనా రావొచ్చు, లంకల్లో ఉన్నవాళ్ళకి దారులు మునిగిపోతాయి, కాబట్టి ఆ నెలల్లో కనీసం రెండు వారాల మాత్రలు అదనంగా ఉంచుకోండి, నీళ్ళు తగలని డబ్బాలో, అటక మీద.

ఆటలమ్మ పోసినప్పుడు మందులు వెయ్యకూడదనే ఆచారం మనకి ఉంది. ఫిట్స్ మాత్ర అప్పుడూ ఆపకూడదు. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ వాడే బిడ్డ అయితే వ్యవహారం వేరు: ఆటలమ్మ, ఫ్లూ వచ్చినప్పుడు ఆస్పిరిన్ వల్ల రేస్ సిండ్రోమ్ అని మెదడుకీ కాలేయానికీ ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది, అందుకని మీరే ఆపడమూ కాదు, మీరే కొనసాగించడమూ కాదు, ఆ రోజే డాక్టరుకి ఫోను చెయ్యాలి. ఆటలమ్మ, ఫ్లూ టీకాల గురించి ముందే అడిగి ఉంచుకుంటే ఈ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

మూతి ఒక పక్కకి లాగడం, కొత్తగా చెయ్యి కాలు పట్టు తప్పడం, మాట ముద్దకావడం, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి: ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. 108.

బడి, కాగితాలు

జూన్‌లో బడి తెరిచిన వారంలోనే టీచరుగారిని విడిగా కలవండి. ఏ పక్క కూర్చోబెట్టాలి, ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలి, ఎక్కువ రాయించకుండా నోటితో ఎలా అడగాలి, ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. రాసేటప్పుడు కాగితం జారిపోతుంది, పట్టుకోడానికి రెండో చెయ్యి రాదు కాబట్టి, క్లిప్పు ఉన్న పరీక్ష అట్ట రోజూ బడికి పంపండి. తోటి పిల్లలు అడిగినప్పుడు చెప్పడానికి బిడ్డకి ఒక చిన్న వాక్యం నేర్పండి. మా పాప "నేను పుట్టినప్పుడు నా మెదడుకి కాసేపు రక్తం అందలేదు, అందుకే ఈ చెయ్యి నెమ్మది" అంటుంది. అడిగినవాళ్ళు సరే అని ఆటలోకి వెళ్ళిపోతారు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ దాకా దగ్గరి బడిలో ఉచితంగా చదువుకునే హక్కు ఉంది, పరీక్షల్లో అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషి ఉంటారు. మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో బడిలోనే అడగండి, ప్రత్యేక టీచర్లు, ఫిజియోథెరపీ అక్కడ దొరుకుతాయి. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్టుకి గ్రామ సచివాలయంలోనో మీసేవలోనో స్లాటు తీసుకోవాలి. చిన్నపిల్లలకి గడువున్న సర్టిఫికెట్టు ఇస్తుంటారు, ఆ తారీకు దాటనివ్వకండి. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకి 6000 రూపాయలు. పుట్టుక దగ్గర వచ్చిన స్ట్రోక్‌తో ఒక పక్క బిగుసుకున్న పిల్లలు సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలికలు కష్టమవడం) కిందకి వస్తారు, వాళ్ళకి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ ఖర్చు కూడా అందులో అడగొచ్చు. సర్టిఫికెట్టులో ఆ మాట స్పష్టంగా రాయించుకోండి.

ఈ కాగితాలన్నీ జిప్ ఉన్న ప్లాస్టిక్ ఫైలులో పెట్టి, ప్రతిదీ ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. ఫైలు తెరవగానే పైన ఒక కాగితం ఉండాలి: బిడ్డ పేరు, పుట్టిన తేదీ, బరువు, స్ట్రోక్ ఏ వైపు ఎప్పుడు వచ్చింది, వాడే మాత్రలు, ఎంత మోతాదు, పడని మందులు, చూసే డాక్టరు నంబరు. మీరు ఇంట్లో లేనప్పుడు మామ్మ 108 వాళ్ళకి చూపించాల్సింది ఆ కాగితమే, అందుకని ఎక్కడుందో ఆవిడకి చూపించి ఉంచండి, బరువు మారినప్పుడల్లా కొత్తది రాసి పెట్టండి.